నీళ్లొచ్చే ఆట

గుడివాడలో నేను పనిచేసిన బడిలో పిల్లలు బియ్యం ఒలకబోసినా ఎవరూ తిట్టేవారు కాదు. బియ్యమూ, చిన్న గిన్నెలూ, గరిటెలూ పళ్లాల్లో సర్ది పిల్లలకు అందేంత ఎత్తులో అరల్లో పెట్టేవాళ్లం. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసుకోవడం వాళ్ల పని. మరో పళ్లెంలో పెసలూ మినుములూ కలిపి ఉండేవి, వేరుచేసుకోవడానికి. ఇంకో దాంట్లో గుండీలు పెట్టుకోవడం నేర్చుకునే గుడ్డ. పొద్దున వచ్చి ఏ పిల్ల ఏ పళ్లెం తీసుకుంటే ఆ పిల్లకు ఆ రోజు అదే చదువు. మిల్లుల వాళ్ల పిల్లలూ డాక్టర్ల పిల్లలూ వచ్చే బడి అది. పలకా బలపం లేకుండా ఏం చెబుతారండీ అని మొదట్లో అడిగిన తల్లులే, తర్వాత ఇంట్లో తమ పిల్లలు చీపురు పట్టుకుంటున్నారని మురిసిపోయేవారు.

డిగ్రీ అయ్యాక మద్రాసులో ఏడాదిపాటు ఈ పద్ధతిలో చదువు చెప్పడమే నేర్చుకున్నాను. అక్కడ మా టీచరుగారు మాకు ముఖ్యంగా నేర్పింది ఒకటే. పిల్ల పనిలో ఉన్నప్పుడు మనం మధ్యలోకి వెళ్లకూడదు. ఆ పని మనకు అర్థం కాకపోయినా, విసుగనిపించినా, పక్కన కూర్చుని చూడాలి. పిల్లకు ఏం కావాలో పిల్ల చేతులకు తెలుసు అనేవారు ఆవిడ. నేను ఆ మాటను నమ్మాను. గుడివాడలో నమ్మడం తేలికే.

ఆ డిసెంబరులో సముద్రం వచ్చింది. సునామీ అనే మాట అంతకుముందు మా వైపు ఎవరూ విని ఉండరు. తుఫాను తెలుసు. ఉప్పెన తెలుసు. గాలీ వానా లేకుండా, శుభ్రంగా ఎండ కాస్తుండగా, ఆదివారం పొద్దున్నే సముద్రం లేచి రావడం ఎవరికీ తెలియదు. బందరు అవతల ఒక బెస్తపల్లెలో పిల్లల కేంద్రం పెడుతున్నామనీ, చిన్నపిల్లలతో పనిచేయడం వచ్చినవాళ్లు కావాలనీ ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు మా బడికి వచ్చి అడిగారు. నేను వెళతానన్నాను. మా నాన్న వద్దన్నారు. అమ్మ పెట్టెలో ఆవకాయ సీసా పెట్టింది. బందరులో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే షేర్ ఆటోలో కరకట్ట దాకా వెళ్లి, అక్కడినుంచి ఉప్పునేలలో నడిచేదాన్ని.

ఆ పల్లెలో ఇళ్లు చాలావరకు నిలిచే ఉన్నాయి. పోయింది మనుషులు. పల్లెకూ సముద్రానికీ మధ్య ఒక పాయ, పాయ అవతల ఇసుక దిబ్బ. సున్నపు బట్టీలకు అమ్మడానికి ఆడవాళ్లు ఆ దిబ్బ మీద గుల్ల ఏరతారు. ఆదివారం కాబట్టి పిల్లల్ని కూడా వెంటబెట్టుకెళ్లారు. కెరటం వచ్చినప్పుడు దిబ్బ మీద పట్టుకోవడానికి ఒక చెట్టు కూడా లేదు. వేటకు వెళ్లిన మగవాళ్లకు నడిసముద్రంలో ఏమీ తెలియలేదట. పడవ కాస్త లేచి దిగిందంతే అన్నారు. వల నిండా చేపలతో ఒడ్డుకొచ్చి చూసుకున్నారు.

సంస్థవాళ్లు రేకుల షెడ్డు ఒకటి వేసి ఇచ్చారు. గుడివాడనుంచి తెచ్చిన సామానంతా నేనే తుడిచి అరల్లో సర్దాను. నాకు సాయంగా ఆ పల్లెలోనే ఒకామెను ఆయాగా పెట్టారు. ముప్పై దాటని మనిషి. ఆమె అత్తగారు మనవరాలిని తీసుకుని గుల్లకు వెళ్లింది. అత్తగారి శవం ఆ సాయంత్రమే పాయలో దొరికింది. పిల్ల దొరకలేదు. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు, ఆటో అతను చెప్పాడు. ఆమె మాత్రం నేల ఊడ్చేది, నీళ్లు తెచ్చిపెట్టేది, పిల్లల ముక్కులు తుడిచేది. నేను అక్కా అని పిలిచేదాన్ని.

పిల్లలు నా పళ్లాలను ముట్టుకోలేదు. వరసగా కూర్చుని తలుపులోంచి బయటికి చూసేవారు. రేకుల మీద గాలి చప్పుడైతే ఒక్కసారిగా లేచి నిలబడేవారు. బియ్యం పళ్లెం ముందు పెడితే ఆ బియ్యాన్ని గుప్పిట్లో దాచుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు. ఇలా కొన్నాళ్లు గడిచాయి.

వాళ్లలో నాలుగేళ్ల పిల్ల ఒకతి ఉండేది. తల్లి ఆ దిబ్బ మీదే పోయింది. ఈ పిల్లను ఎవరో రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఏడుపు లేదు, భయం లేదు, అందరిమీదా పెత్తనం చేసేది. ఒకరోజు ఆ పిల్ల నీళ్ల చెంబు తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లింది. నేనూ వెళ్లాను. ఇసుకను గుప్పిళ్లతో పోసి గుడిసెలు చేసింది. గవ్వలు తెచ్చి గుడిసెల ముందు నిలబెట్టింది. ఒక్కో గవ్వనూ చూపించి ఇది ఫలానా అత్త, ఇది ఫలానా పిన్ని అంది. తర్వాత లేచి నిలబడి చెంబెడు నీళ్లూ వాటిమీద కుమ్మరించింది.

"నీళ్లొత్తన్నాయ్! నీళ్లొత్తన్నాయ్!" అని అరిచింది.

మిగతా పిల్లలు షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చారు. బెదిరిపోతారనుకున్నాను. ఎవరూ ఏడవలేదు. వంగి చూశారు. ఆ పిల్ల మళ్లీ చెంబు తీసుకెళ్లి నీళ్లు తెచ్చింది. మళ్లీ గుడిసెలు, మళ్లీ గవ్వలు, మళ్లీ నీళ్లు.

మరునాటినుంచి అందరిదీ అదే ఆట. పొద్దున రాగానే షెడ్డు వెనక్కి పోయేవారు. గవ్వలు చాలక వాళ్లే గవ్వలయ్యారు. ఇసుకలో పడుకునేవారు. ఎవరైనా కదిలితే ఆ పిల్ల కసిరేది.

"ఏయ్, నువ్వు లెగకూడదు. చచ్చిపోయావుగా."

నేను పక్కన కూర్చుని చూశాను. మద్రాసులో నేర్చుకున్నది అదే కదా. ఇన్నాళ్లకు పిల్లలు తమంతట తాము ఒక పనిని ఎంచుకున్నారు, వాళ్ల చేతులు కదిలాయి, పొద్దెక్కినా దృష్టి చెదరకుండా చేస్తున్నారు. పుస్తకంలో చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి. అయినా ఆ చెంబు వంగే వేళకు నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని.

అక్క రోజూ మంచినీళ్ల బిందె దగ్గర నిలబడి చూసేది. వారం పైనే చూసి, ఒకరోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది.

"ఆపించండి టీచరుగారూ. నా వల్ల కావట్లేదు."

"వాళ్ల మనసులో ఉన్నదే ఆడుతున్నారు అక్కా. ఆడితేనే తగ్గుతుంది. మనం ఆపితే లోపలే ఉండిపోతుంది."

"ఆళ్లకి తగ్గుద్దేమో. నాకు?"

మర్నాడు ఆటను షెడ్డుకు ఇంకాస్త దూరంగా, ఆమెకు కనపడకుండా జరపాలని చూశాను. పిల్లలు నాలుగడుగులు వేసి మళ్లీ పాత చోటికే వచ్చారు.

ఆ రోజుల్లోనే సంస్థ బందరు ఆఫీసు చూసే ఆయన కొంతమందిని వెంటబెట్టుకుని కేంద్రం చూడడానికి వచ్చారు. పిల్లలు పాటలు పాడతారనీ, బొమ్మలు వేస్తారనీ వాళ్లకు చెప్పి తీసుకొచ్చారు. వచ్చినవాళ్లకు ఇసుకలో శవాల్లా పడుకున్న పిల్లలు కనిపించారు. ఒకావిడ నోటికి చెంగు అడ్డుపెట్టుకుని వెళ్లి కారులో కూర్చుంది.

ఆయన చెడ్డమనిషి కాదు. నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగానే అడిగారు.

"ఏంటి మేడం ఇది? వీళ్లని నవ్వించడానికి వచ్చామా, రోజూ చంపడానికి వచ్చామా?"

"వాళ్లే ఆడుకుంటున్నారు సార్. నేను నేర్పలేదు."

"మీరు ఆపలేదుగా. ఒడ్డున నాలుగు గుడిసెల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు. వాళ్లకేం కనిపిస్తుందో ఆలోచించారా?"

ఆలోచించాను. ఆలోచించకుండా ఒక్క పూట గడవలేదు. కానీ చెప్పడానికి నా దగ్గర పుస్తకం మాటలే ఉన్నాయి, ఆ మాటలు ఆ ఇసుకలో నాకే ఎబ్బెట్టుగా వినిపించాయి. ఆయన మనుషుల్ని పంపించి షెడ్డు వెనక ఇసుక చదును చేయించి, ముళ్లకంప అడ్డం వేయించారు. నీళ్ల బిందె లోపల పెట్టించారు. రైమ్స్ క్యాసెట్లూ టేప్ రికార్డరూ పంపారు.

పిల్లలు మళ్లీ వరసగా కూర్చున్నారు. టేప్ రికార్డరు పాడుతూ ఉండేది. ఆ పెత్తనాల పిల్ల తన చేతి మణికట్టును కొరుక్కోవడం మొదలుపెట్టింది. అరిచేది కాదు, ఏదో తింటున్నట్టు నెమ్మదిగా కొరికేది. చేతికి గుడ్డ కడితే గుడ్డను కొరికేది. మధ్యాహ్నం పెట్టిన అన్నం ఇంకో ఇద్దరు ముట్టకుండా లేచిపోయారు. ఒక పసివాడు నిద్రలో గుక్కపట్టి నీలంగా అయిపోతే అక్క వాడిని భుజాన వేసుకుని షెడ్డంతా తిరిగింది.

ఆ సాయంత్రం బందరు బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్‌లోంచి మద్రాసులో మా టీచరుగారికి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆపితే పిల్లలు ఇలా అయిపోతున్నారు, ఆపకపోతే ఆయా చచ్చిపోయేలా ఉంది, ఏం చెయ్యమంటారు అని అడిగాను. లైను తెగిందేమోనని హలో హలో అన్నాను.

"ఉన్నానమ్మా," అన్నారావిడ. "నాకు తెలీదు. నేను మీకు చెప్పిందంతా మామూలు రోజుల పిల్లల గురించి. ఇలాంటిది నేను చూడలేదు."

ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గదికి వెళ్లి, వండుకోకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ పల్లెకు ఇంక వెళ్లకూడదని కూడా అనుకున్నాను. తెల్లారేసరికి ఆ పిల్ల మణికట్టే కళ్లముందు కనబడింది.

మర్నాడు వెళ్లగానే ముళ్లకంప నేనే పక్కకు లాగేశాను. చేతులు గీరుకుపోయాయి. బిందె మోసుకొచ్చి బయట పెట్టాను. ఆ పిల్ల నావైపు చూడను కూడా చూడకుండా చెంబు తీసుకుంది.

ఈసారి ఆట మొదలుపెట్టేముందు ఆ పిల్ల ఏరి ఏరి ఒక చిన్న తెల్లటి గవ్వ తీసుకుని, గుమ్మంలో కూర్చున్న అక్క దగ్గరికి నడిచింది. అరచెయ్యి చాపి చూపించింది.

"ఇదిగో. ఇది మీ పాప."

నేను లేచి అడ్డం వెళ్లేలోపే అక్క ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టింది. గవ్వ ఎగిరిపడింది. పిల్ల ఏడవకుండా వెళ్లి గవ్వ వెతికి తెచ్చుకుంది. అక్క లేచి, కొంగు దులుపుకుని, ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు మరి రాలేదు. మర్నాడూ రాలేదు.

మూడో రోజు నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె భర్త బయట వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి, లోపలుంది వెళ్లండమ్మా అన్నాడు. ఆమె మట్టినేల మీద పడుకుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమే ముందు అడిగింది.

"ఆ పిల్ల చేతికి దెబ్బ తగిలిందా అండీ?"

"లేదక్కా."

"ఆళ్లమ్మా నేనూ కలిసి గుల్లకెళ్లేవోళ్లం. ఆ రోజు నాకు జొరం. లేపోతే నేనూ ఉందును." లేచి కూర్చుంది. "టీచరుగారూ, ఒకటి అడుగుతాను. రోజూ ముంచుతున్నారుగా. ఆటలో అయినా ఒక్కసారి మా పిల్లని పైకి తియ్యమనండి. మీరు చెబితే వింటారు."

"నేను చెప్పకూడదక్కా."

"ఏం? ఎందుకు చెప్పకూడదు?"

"నేను చెప్పి తీయిస్తే అది వాళ్లు తీసినట్టు కాదు. వాళ్లంతట వాళ్లకే తియ్యాలనిపించాలి."

"ఎప్పుడు అనిపిద్దండీ?"

"తెలీదు."

ఒక్క మాట చెబితే ఏం పోయేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఏ పిల్లనైనా పిలిచి, ఆ గవ్వను పైకి తియ్యమ్మా అంటే తీసేది. ఆ తల్లి ఒక్క పూట ఊపిరి పీల్చుకునేది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పకుండా ఉండడానికి ధైర్యమూ లేదు. ఆ రెండింటి మధ్యా షెడ్డుకు నడిచొచ్చాను.

మర్నాటినుంచి ఆమె పనిలోకి వచ్చింది. పిల్లల పక్కనే ఇసుకలో కూర్చునేది. ఆ పిల్ల తెల్ల గవ్వ నిలబెట్టగానే అక్క ఒళ్లు బిగుసుకునేది. నీళ్లు వచ్చేవి. అన్ని గవ్వలతోపాటు అదీ ఇసుకలోకి పోయేది. అక్క పిల్ల చేతులవంక చూసేది. ఆ చేతులు మళ్లీ గుడిసెలు కట్టడానికి వెళ్లేవి. నేను ఆమెవంక చూసేదాన్ని. మాఘం పోయింది, ఎండలు ముదిరాయి, షెడ్డు రేకులు కాలిపోతున్నాయి, మేమిద్దరం అలా కూర్చునే ఉన్నాం.

కొంతమంది పిల్లలు గుడిసెల ముందు ఇసుకతో గట్టు వేయడం మొదలుపెట్టారు. ఒకరు కొబ్బరి డొప్పను పడవ చేశారు. డొప్పలోకి గవ్వలు ఎక్కాయి. నీళ్లు వచ్చినా డొప్ప తేలింది. అందులో తమ తల్లి గవ్వను పెట్టుకున్నవాళ్లు కేరింతలు కొట్టారు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంక తీత్తారు కదండీ," అంది.

తీశారు. ఒకరోజు పొద్దున నీళ్లు పోసిన తర్వాత ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని ఇసుకలో చేతులు పెట్టి వెతకడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గవ్వ తీసి పక్కన పెట్టింది. తన తల్లి గవ్వను తీసి గౌను అంచుతో తుడిచింది. చివరికి తెల్ల గవ్వ దొరికింది. అక్క ముందుకు వంగి చెయ్యి చాపింది. పిల్ల గవ్వను ఆ చేతిలో పెట్టలేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఊపిరి లేదు," అంది.

"సరిగ్గా చూడమ్మా," అంది అక్క.

"చూశా. లేదు."

పక్కనే ఇసుకలో చిన్న గుంట తీసింది. గవ్వను అందులో పడుకోబెట్టి ఇసుక కప్పింది. మావైపు చిన్నపిల్లల్ని పూడ్చిపెడతారు, కాల్చరు. అది ఆ పిల్ల ఎక్కడ చూసిందో ఏమో. దిబ్బలా చేసి, అరచేత్తో తట్టి, అక్కవంక చూసి చెప్పింది.

"మీ పాప దొరికింది. ఇక్కడ పెట్టేశాం."

అక్క ఆ చిన్న దిబ్బ మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు అంతకుముందు ఏ మనిషి గొంతులోనూ నేను వినలేదు. పల్లెలో ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. ఆమె ఇసుకలో దొర్లుతోంది. పిల్లలు బెదిరి నా కాళ్లు చుట్టేసుకున్నారు. ఒక ముసలావిడ నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"ఏం చేశావే దాన్ని? మా పిల్లల చేత ఏం చేయిత్తన్నావే?"

ఏం చేశానో నాకూ తెలియదు.

ఆ మధ్యాహ్నమే పెద్దలు కూర్చుని పిల్లల్ని కేంద్రానికి పంపవద్దని చెప్పేశారు. ఆ పిల్లా ఇంకో ఇద్దరూ మాత్రం కొన్నాళ్లు ఎలాగో వచ్చేవారు. నీళ్ల చెంబు ముట్టుకోలేదు. ఇసుకతో అన్నం వండి చిప్పల్లో వడ్డించి నాకు పెట్టేవారు. వేసవి చివర బందరు ఆఫీసు ఆయన వచ్చి, ఇంక మూసేద్దాం మేడం అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. షెడ్డును వలలు పెట్టుకోవడానికి పల్లెవాళ్లకు ఇచ్చేశారు. ఆ పిల్లను నాగాయలంకలో ఉన్న పిన్ని దగ్గరికి పంపించారని తెలిసింది. వెళ్లేముందు చూద్దామని పరుగెత్తుకెళ్లాను, అప్పటికే పడవ రేవు దాటిపోయింది. అక్కను చివరగా చూసింది వాళ్ల గుమ్మంలోనే. వెళుతున్నాను అక్కా అంటే తలూపింది. మంచి చేశారనీ అనలేదు, చెడు చేశారనీ అనలేదు. అడగడానికి నాకు మనసు రాలేదు.

గుడివాడలో మళ్లీ పాత బడిలోనే చేరాను. ఎవరైనా పిల్ల గిన్నెలోంచి గిన్నెలోకి నీళ్లు పోస్తుంటే లేచి వరండాలోకి వెళ్లిపోయేదాన్ని. అది చాలాకాలం తగ్గలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక పొద్దున మా బడి ఆయా వచ్చి, మీకోసం ఎవరో వచ్చారమ్మా అంది. గేటు దగ్గర అక్క నిలబడి ఉంది, చంకలో ఏడాది నిండని పిల్లాడు. ఆమె భర్త సముద్రం మానేసి కృత్తివెన్నులో రొయ్యల చెరువులకు కాపలాగా చేరాడట. పిల్లాడికి దగ్గు తగ్గకపోతే గుడివాడ ఆస్పత్రికి తెచ్చింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. నాగాయలంక పిల్ల సంగతి అడిగాను. బాగానే ఉందంటండీ, రెండో తరగతంట అంది.

"లోపలికి రా అక్కా, పిల్లలున్నారు, కాసేపు కూర్చుందువుగాని."

గది గుమ్మం దాకా వచ్చింది. లోపల పిల్లలు తలలు వంచుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. గరిటెల చప్పుడు తప్ప మాటల్లేవు. ఆమె గడప అంచున నిలబడి, పిల్లాడి తలను తన మెడకు అదుముకుని, గదంతా ఒకసారి చూసింది. అడుగు లోపల పెట్టలేదు.

"బస్సు పోద్దేమోనండీ. ఇంకో రోజు వత్తాను," అంది.

బస్సుకు చాలా టైముందని ఇద్దరికీ తెలుసు. నేను గేటు దాకా వెళ్లాను. ఆమె రోడ్డు దాటి, ఎండలో పిల్లాడి నెత్తిమీద కొంగు కప్పుతూ బస్టాండువైపు నడిచింది. మళ్లీ రాలేదు.